సారమేయ పద్యానికి సర్వంకష వ్యాఖ్య

మూలం

సాదుకుందమంటి సారమేయము నొక్క
చెప్పులన్ని మాయ చేసె నదియ
గొలుసు పట్టి నేను గుమ్మమ్ము దాటగా
నూరు చూపె నాకు నుర్కి యుర్కి

అవతారిక

ఈ ఆటవెలదిని నిర్మల్‌లో ఒక రిటైర్డ్ తెలుగు పంతులు రాశాడు. ఆ పంతులును నేనే. తన పద్యానికి తానే వ్యాఖ్య రాసుకుంటే దాన్ని స్వోపజ్ఞం అంటారు. ఇంకెవరూ రాయరని రూఢి అయినప్పుడు కవులు పట్టే దారి అది. వ్యాఖ్యాతల్లో పెద్దవాడు మల్లినాథసూరి మన మెతుకుసీమ వాడే, ఇప్పటి కొల్చారం ఆయన ఊరు. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకోగలను. రెండోది నా వల్ల కాదు. ముప్పై నాలుగేండ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ణి.

మాఘుడి కావ్యానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. అన్నింటినీ ఒరిసేది అని అర్థం. ఆ పేరు ఎత్తుకొచ్చినందుకు నాకు సిగ్గేమీ లేదు. సోఫా కాళ్లు, దర్వాజ అంచు, పాత పంచాంగం, నా కళ్లజోడు డబ్బా, మా అత్తగారింటి నుంచి వచ్చిన పీట, వీటన్నింటినీ పండ్లతో ఒరిసి చూసిన జీవి మా ఇంట్లోనే ఉంది. పద్యనాయిక అదే.

నాయిక పేరు పొనికి. ఆడకుక్క. హైదరాబాద్‌లో వీధికుక్కలకు నీడనిచ్చే ఒక చోటు నుంచి పది నెలల వయసులో వచ్చింది. మా ఊరి కొయ్యబొమ్మలు తెల్లపొనికి చెక్కతో చేస్తారు. ఆ చెక్క మెత్తన, తేలిక. రంగులు పడకముందు బొమ్మ ఏ వన్నెలో ఉంటుందో ఈ పిల్లది ఆ వన్నె. అందుకని ఆ పేరు. వచ్చిన నెలలోపే అది అద్దాల బీరువా తెరిచి ఉన్న సమయం చూసి ఒక పొనికి జింకను ముక్కలు చేసింది. దీన్ని ఆలంకారికులు ఏమంటారో గాని, మా వీధిలో నకాషీ పనిచేసే పెద్దమనిషి మాత్రం ముక్కలను అరచేతిలో పెట్టుకుని చూసి, "అతుకు కాడ ఇరగలే సార్, మా పని మంచిదే" అని తృప్తిపడ్డాడు.

ప్రతిపదార్థం

సాదుకుందము = సాదుకుందాం. కృష్ణా జిల్లా మిత్రుడొకడు ఇక్కడ "పెంచుకుందాం" అని ఉండాలన్నాడు. పెంచడం చెట్టుకూ చెల్లుతుంది, గడ్డానికీ చెల్లుతుంది, జీతానికీ చెల్లుతుంది. సాదడం ప్రాణమున్నదానికే. తల్లి పోయిన పిల్లను మేనత్త సాదుతుంది. మా దిక్కు "సాదుకున్న బిడ్డ" అంటే కడుపున పుట్టని కూతురు. దత్తతకు కాయితం కావాలె, సాదుడుకు పొద్దుగాల లేచే ఒళ్లు కావాలె. ఇంత ఆలోచించి కవి ఆ మాట వేశాడని పాఠకుడు అనుకుంటే కవి అభ్యంతరం చెప్పడు. నిజానికి రెండు హగణాలు తేలిగ్గా సరిపోయాయి, వేశాడు. అర్థం తర్వాత తెలిసింది.

ఇక ఈ క్రియ ఉత్తమ పురుష, బహువచనం. లోపల "మనం" దాగి ఉంది. ఆ మనం ఎవరు? ఇక్కడే వ్యాఖ్యాతలు చీలిపోయారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బిడ్డ పక్షంలో మనం అంటే "బాపు, అమ్మ". ఇంటావిడ పక్షంలో మనం అంటే "ఎవరన్నరో వాళ్లు". కవి పక్షంలో ముగ్గురూ సమానం. వ్యాకరణం కవిని సమర్థిస్తుంది. పొద్దున ఐదున్నరకు మోగే అలారం ఇంటావిడను సమర్థిస్తుంది.

అంటి = అన్నాను. ఏకవచనం. అన్నవాడు ఒక్కడు, సాదవలసినవాళ్లు పలువురు. ఈ వచనభేదమే పద్యానికి ముడి. ఎప్పుడన్నాడు? 2025 ఆగస్టు 22 సాయంత్రం, బిడ్డ ఇంట్లో, చాయ్ తాగుతూ, టీవీ చూస్తూ. ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని అదే నెల 11న ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు ఆ రోజు సవరించింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దు అంది. జంతుప్రేమికులు కావాలంటే మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకుని సాదుకోవచ్చు, కాని అట్లా తీసుకున్న కుక్క తిరిగి వీధికి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే అని కూడా అంది. అంతకు ఐదు రోజుల ముందే జీహెచ్‌ఎంసీ వాళ్లు బంజారాహిల్స్‌లో జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టారు. ఊరంతా అదే మాట. ఆ ఊపులో నేను "మనమూ ఒకదాన్ని సాదుకుందం" అన్నాను. చాయ్ అయిపోయేలోపు మరిచిపోయాను కూడా. బిడ్డ మరువలేదు. ఆ రాత్రే ఫోన్‌లో దరఖాస్తు నింపింది.

కోర్టు చెప్పినదాంట్లో "తిరిగి వీధికి రాకుండా" అన్నచోట గడువు లేదు. ఏడాదా, రెండేండ్లా? దాని ఆయుష్షు ఎంతో గడువూ అంతే. నేను ఇన్ని అద్దె ఒప్పందాలు చూశాను, ఇంత చిన్న మాటలో ఇంత పొడుగు కాలం పట్టించినది చూడలేదు.

సారమేయము = సరమ బిడ్డ. సరమ దేవతల కుక్క. ఇంద్రుడి ఆవులు పోతే వెతికిపెట్టింది. భారతం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్లు యాగశాలకు వచ్చిన సరమ కొడుకును ఏ తప్పూ చేయకున్నా కొట్టి తరుముతారు. తల్లి వచ్చి రాజును నిలదీసి శాపం పెట్టి పోతుంది. నన్నయ దాన్ని తెలుగులోకి తెచ్చాడు. మహాభారతం కుక్క ఫిర్యాదుతో మొదలై, ధర్మరాజు వెంట నడిచిన కుక్కతో ముగింపుకొస్తుందన్న సంగతి పిల్లలకు చెబితే క్లాసు మొత్తం లేచి కూర్చునేది.

కుక్కకు సంస్కృతంలో పేర్లకు కరువు లేదు. శునకం, భషకం, కుక్కురం. వీటిలో నాకు నచ్చినది కౌలేయకం. కులం అంటే ఇక్కడ ఇల్లు, వంశం. ఇంటికి చెందినది కౌలేయకం. ఈ ఒక్క మాట కుక్కకే చెల్లేట్టు పాణిని ప్రత్యేకంగా సూత్రం రాశాడు. కడుపు పక్కన వేలాడే కత్తి, మెడలో నగ, ఇంటి కుక్క, ఈ మూడూ ఆ సూత్రంలో కలిసి వస్తాయి. అంటే ఇంటిమనిషి ఒంటిని అంటిపెట్టుకుని ఉండేవి. వీధికుక్కను కౌలేయకం చేయడానికి తద్ధిత ప్రత్యయం ఒక్కటి చాలు పాణినికి. మాకు మూడు నెలలు పట్టింది.

ఆయనదే ఇంకో సూత్రం ఉంది. కుక్కను, యువకుణ్ణి, ఇంద్రుణ్ణి ఒకే దారాన గుచ్చాడు. ఆ మూడు శబ్దాలకూ రూపాలు ఒకే తీరున మారతాయి కాబట్టి. పండితులు దాని మీద ఎప్పటినుంచో చమత్కారాలు ఆడుతున్నారు, గాజుపూసనూ మణినీ కలిపి గుచ్చినట్టుందని. నాకు మాత్రం పది నెలల కుక్క ఇంటికి వచ్చాక ఆ సూత్రం తేటతెల్లమైంది. అందులో కుక్క ఉంది. యువకుడు ఉన్నాడు. సోఫా ఎక్కిన తర్వాత ఇంద్రుడూ ఉన్నాడు. దిగమంటే వజ్రాయుధం లేదుగాని చూపు మాత్రం అదే.

ఒక్క = ఒకటి. "రెండు తీసుకోండి, ఒకదానికొకటి తోడు" అని అక్కడివాళ్లు అన్నారు. ఈ పదాన్ని కవి గట్టిగా పట్టుకున్నాడు.

చెప్పులన్ని మాయ చేసె = ఉన్న చెప్పులన్నీ లేకుండా చేసింది. అతిశయోక్తి అలంకారం కాదు, స్వభావోక్తి. ఐదు జతలు. ఒక్కో జతలో ఒక్కటే. రెండోది వదిలేస్తుంది. ఆ వదిలిన ఎడమకాలి చెప్పులు ఇప్పటికీ ఉన్నాయి, పారేయబుద్ధి కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొనికి ఫొటో కింద అక్కడివాళ్లు "చాలా చురుకు" అని రాశారు. పెండ్లి సంబంధాల్లో "అమ్మాయి కలుపుగోలు" అన్నట్టు ఇది లక్షణార్థంలో వాడే మాట. వాచ్యార్థం పొయ్యి మీద చెయ్యి పెట్టినప్పుడు తెలుస్తుంది. కుక్కపిల్లకు 28 పాలపండ్లు. నాలుగో నెల నుంచి ఊడి, ఆరేడు నెలలకల్లా 42 పెద్దపండ్లు వస్తాయి. ఆ తర్వాత కూడా నమలాలన్న ఆరాటం పోదు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు దానికి ఇంటర్మీడియట్ వయసు. ఒళ్లు పెద్దది, బుద్ధి ఇంకా దారిలో ఉంది. జనం ఎక్కువగా ఈ వయసులోనే కుక్కను వెనక్కి ఇస్తారు, లేదా రాత్రిపూట హైవే పక్కన దించి వెళతారు. చెడ్డ కుక్క అంటారు. పని లేని కుక్క అంటే సరిపోయేది. నేను బడిలో చూసిన అల్లరిపిల్లల్లో ముప్పాతిక మంది కథ ఇదే. పాఠం తొందరగా అయిపోయి, మిగతా పీరియడ్ ఏం చేయాలో తెలియనివాళ్లు.

అందుకని దానికి పని కల్పించాం. జొన్నరొట్టె ముక్కలు పాత తువ్వాలలో ముడులు వేసి ఇస్తే విప్పుకుని తినడానికి ఇరవై నిమిషాలు. వాకిట్లో గుడ్డుముక్కలు దాచి వాసన పట్టమంటే ఇంకో అరగంట. ముక్కుతో పనిచేయిస్తే కాళ్లతో ఉరికించినదానికన్నా ఎక్కువ అలిసిపోతుంది. నిద్రపోతుంది. కుక్క రోజులో సగం పైన నిద్రే, ఆ సగాన్ని మనం సంపాదించుకోవాలి.

తిండి సంగతి ఈ పద్యంలో లేదు, మల్లినాథుడి మొదటి ఒట్టు ప్రకారం ఊరుకోవాలి. కాని పక్కింటి వదినగారు ప్రేమకొద్దీ వండిన మటన్ బొక్కలు తెచ్చి గోడ మీంచి వేస్తారు. వండిన బొక్క సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లిగడ్డ, కిస్‌మిస్, చాక్లెట్ దానికి విషం. ఇవి చెప్పడానికి నాకు వారం పట్టింది. చెప్పిన తర్వాత ఆమె నాతో వారం మాట్లాడలేదు. ఇంతకన్నా ఒట్టు తప్పడం మంచిది.

గొలుసు = మెడపట్టాకు కట్టి పట్టుకునేది. మా ఇంట్లో ఉన్నది నవారు పట్టీ, గొలుసు కాదు. యతి కోసం, గుమ్మానికి జోడుగా పడింది. అయినా నిర్మల్‌వాడికి గొలుసు అనగానే చెరువులు గుర్తుకొస్తాయి. ఒకటి నిండి పొర్లితే నీళ్లు కింది చెరువుకు చేరేలా పెద్దలు కట్టిన గొలుసుకట్టు. ఎక్కడో ఒక చోట తెగితే నీళ్లు కాలనీల్లోకి వస్తాయి. కుక్క గొలుసుకూ అంతే, ఒక పూట తెగితే ఏమవుతుందో శివాజీ చౌక్ దగ్గర చూశాను. దాని గురించి ఇంతకన్నా రాయను.

పాఠాంతరం

నాలుగో పాదం మొదటి మాట మీద పెద్ద చర్చ ఉంది. "దాటగాన్" అన్న ద్రుతం మీద అచ్చు వచ్చి చేరడంతో "ఊరు" కాస్తా "నూరు" అయింది. సంధి విడదీయకుండా చదివినవాళ్లు "నూరు చూపె" అంటే వంద చూపిందని అర్థం చెబుతారు. ఏమి వంద? మా బిడ్డ, వంద రకాల వాసనలు అంటుంది. ఇంటావిడ, వంద రూపాయల నోట్లు అంటుంది, మందుల షాపు బిల్లు చూపించి. నేను, వంద మంది మనుషులు అంటాను. ఈ మూడో పాఠానికి ఆధారం ఉంది. ముప్పై నాలుగేండ్లు ఈ ఊళ్లో పనిచేసి, బడికీ ఇంటికీ మధ్య దారి తప్ప ఎరగనివాణ్ణి. పొనికి నన్ను ధర్మసాగర్ కట్ట మీదికి లాక్కుపోయింది. శ్యాంగఢ్ కింది సందుల్లోకి లాక్కుపోయింది. పాలవాడు, పొద్దున ఊడ్చే ఆడవాళ్లు, ఈద్‌గాం చౌరస్తాలో బండి మీద చాయ్ పోసే పిలగాడు, అందరూ ఇప్పుడు దాని పేరు పెట్టి పిలుస్తారు. నన్ను "పొనికి సార్" అంటారు. జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుడినని ఒక్కరికీ గుర్తులేదు.

ఒకరోజు ఒకాయన ఆగి, "గిది కుక్కనా సార్, గుర్రమా?" అన్నాడు. అప్పటికి నేను పట్టీ చివర గాలిపటంలా ఉన్నాను.

గుమ్మం దాటగానే అది ఉరకడానికి ముఖ్య కారణం కోతులు. 2020 డిసెంబరులో రాష్ట్రంలోనే మొదటిదైన కోతుల సంరక్షణ కేంద్రాన్ని మా ఊరి పక్కనే గండిరామన్న దగ్గర తెరిచారు. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేసి అడవిలో వదులుతారు. ఆ సంగతి తెలియని కోతులు కొన్ని ఇంకా మా ప్రహరీ మీద ఉన్నాయి. పొనికికీ వాటికీ రోజూ శాస్త్రచర్చ జరుగుతుంది. పొనికి చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటుంది, ఆపరేషన్ అయిన వీధికుక్కకు వేసే గుర్తు. ఎవరైనా చూసి "అయ్యో, చెవి తెగింది" అంటే, డిగ్రీ పట్టా అని చెబుతాను.

టీకా

ఇక్కడ పాఠకుడు పద్యానికి టీక ఆశిస్తాడు. మన్నించాలి, ఇది సూది సంగతి. పార్వో, డిస్టెంపర్ లాంటివాటికి కలిపి ఒకటి, రేబిస్‌కు వేరే ఒకటి. ఏటా మళ్లీ వేయించాలి. పశువుల దవాఖానాలో పొనికి ఏడవలేదు. ఏడ్చినంత పని చేసింది ఇంటావిడ.

ఆమెకు ఏడేండ్లప్పుడు ఖానాపూర్‌లో కుక్క కరిచింది. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచారు. ఆ మందును డేవిడ్ సెంపుల్ అనే దొర 1911లో కసౌలీలో తయారుచేశాడు, గొర్రె మెదడు నుంచి తీసేవారు. మన దేశం దాన్ని ఈ శతాబ్దంలోకి వచ్చాక గాని వదలలేదు. ఇప్పుడు సర్కారు దవాఖానాల్లో దండకు, చర్మం పొరలో, మొదటి రోజు, ఆ రోజు నుంచి మూడు రోజులకు, ఏడు రోజులకు, ఇరవై ఎనిమిది రోజులకు. అంతకన్నా ముందు, కరిచిన చోటును నల్లా కింద సబ్బుతో పావుగంట కడగాలి. సున్నం, కారంపొడి పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేండ్ల పిల్లవాణ్ణి కుక్కలు చంపిన వీడియో చూసి ఆమె రెండు రాత్రులు పడుకోలేదు. భయపడేవాళ్లను చూసి నవ్వడం కుక్కలు సాదేవాళ్లకున్న చెడ్డ అలవాటు. నాకూ ఉండేది. ఆమె భయానికి 14 ఆధారాలున్నాయి, నా ధైర్యానికి ఒక చాయ్ కప్పు.

సూత్రం

కుక్కను ఇచ్చేటప్పుడు అక్కడివాళ్లు మూడు మూళ్ల లెక్క చెప్పారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకు ఇల్లు తనదనిపించడం. నేను వెంటనే "త్రిదిన త్రివార త్రిమాసాః" అని సంస్కృతం చేసి డైరీలో రాసుకున్నాను.

హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్లు కారులో. కామారెడ్డి దగ్గర వాంతి. ఆర్మూరు దగ్గర ఇంకోటి. సోన్ వంతెన మీద గోదావరి గాలి తగలగానే లేచి నిలబడి ముక్కు కిటికీలో పెట్టింది. ఇంటికి వచ్చాక మూడు రోజులు దివాన్ కింద. బువ్వ పెట్టిన గిన్నె రాత్రి మేం పడుకున్నాక ఖాళీ అయ్యేది. మూడో వారంలో అసలు కుక్క బయటికి వచ్చింది. చెప్పుల అధ్యాయం అదే. ఇదంతా సూత్రం చెప్పినట్టే జరిగింది.

సూత్రంలో లేనిది వేరే జరిగింది. మొదటి మూడు రోజులు ఇంటావిడ వంటింటి దర్వాజకు పీట అడ్డం పెట్టుకుంది. మూడు వారాలకు పీట తీసింది, కాని చేతిలో చీపురు ఉండేది. పొనికి ఆ చీపురును ఆట అనుకుంది. ఒక మధ్యాహ్నం నేను నిద్ర లేచి వచ్చేసరికి చీపురు ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస దాని నోట్లో. ఇద్దరూ వదలడం లేదు. నన్ను చూసి ఆమె వదిలేసి, "ఊడ్వనిస్తలేదు" అంది కోపంగా. మూడో నెలలో దానికి జ్వరం వచ్చింది, గోమార్ల వల్ల వచ్చే జ్వరమని పశువుల డాక్టరు చెప్పాడు. మాత్ర పెరుగన్నంలో కలిపి పెడితే మాత్ర మిగిల్చి అన్నం తినేది. నా చేతిలో మూడు మాత్రలు వృథా అయ్యాయి. నాలుగోది ఆమె వేసింది. నోరు తెరిచి, లోపలికి తోసి, మూతి మూసి గొంతు నిమిరింది. వేళ్లు నలభై రెండు పండ్ల మధ్య నుంచి వెళ్లి వచ్చాయి. అయ్యాక చేయి కడుక్కుంటూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

ఉర్కి యుర్కి = ఉరికి ఉరికి. "ఉర్కి" అన్న క్త్వార్థానికి సంధి లేదు కాబట్టి యడాగమం. ఆమ్రేడితం. మొదటిది కుక్క ఉరుకుడు, రెండోది నాది. నాకు 62. కుక్క బాగా సాదితే 12 నుంచి 15 ఏండ్లు. అది ముసలిదయ్యేసరికి నాకు 75. అప్పుడు ఎవరు ఎవరిని ఉరికిస్తారో ఛందస్సు చెప్పదు.

ఆ మాట దరఖాస్తు అడిగింది. సొంత ఇల్లా, అద్దెదా, రోజూ ఎంతసేపు ఒంటరిగా ఉంటుంది, ఇదివరకు కుక్కను సాదారా, ఇట్లా చాలా గడులు. చివరి గడి: మీరు చూసుకోలేని స్థితి వస్తే ఎవరు చూస్తారు? బిడ్డ తన పేరు రాయబోయి ఆగింది, ఆమెది అద్దె ఫ్లాట్, కుక్కలు వద్దన్న ఓనరు. నేను గీత పెట్టమన్నాను. పెట్టింది.

మూడు నెలలు నిండాక అక్కడినుంచి వీడియో ఫోన్ చేశారు. కుక్కను చూపించమన్నారు. చూపించాను, నిద్రపోతోంది, తల నా కొత్త చెప్పు మీద ఉంది. బాగుందన్నారు. తర్వాత, "సార్, మీ ఫారంలో చివరి గడి ఖాళీగా ఉంది" అన్నారు. నేను గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయాను.

వంటింట్లోంచి, పెనం మీద రొట్టె తిప్పుతూ, ఇంటావిడ గట్టిగా అంది:

"గా గడిల నా పేరు రాయుమనుండ్రి. చెప్పులు మాత్రం మీరే కొనియ్యాలె."